ఫాసెట్ కీళ్ల అరుగుదల అంటే ఏమిటి? ఆపరేషన్ తప్పదా?

కొబ్బరాకు:
రాత్రి తొమ్మిదింటికి ఈ ఎంఆర్ఐ రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాను, ఇప్పుడు ఒంటిగంట దాటింది. ‘ఎల్-4, ఎల్-5 దగ్గర రెండు వైపులా ఫాసెట్ ఆర్థ్రోపతీ’ అని ఉంది. డాక్టరు గారు రెండు నిమిషాలు చూసి, అరుగుదలే, పెద్దగా ఏమీ లేదని మాత్రలు రాశారు. ఏమీ లేకపోతే ఈ నొప్పి ఎక్కడిది? డిస్కు జారినట్టా, కాదా? దయచేసి ఒక్క ముక్కలో చెప్పండి.

వేపచెట్టు:
వయసెంత? ఏ పని చేస్తారు? నొప్పి ఎక్కడి దాకా పోతుంది? ఇవేవీ చెప్పకుండా ఒక్క ముక్క అడిగితే ఎలా?

పాతసైకిల్:
తప్పంతా పరుపులదండీ. మా నాన్నగారు ఎనభై ఏళ్లు నులక మంచం మీద పడుకున్నారు, ఒక్కనాడు నడుము పట్టుకోలేదు. ఈ స్పాంజి పరుపులు వచ్చాకే ఇంటింటా ఈ గోల. ముందు ఆ పరుపు తీసి బయట పడేయండి. తర్వాత చాప, చాప మీద పలచని బొంత. దిండు కూడా...

వేపచెట్టు:
ఆయన పరుపు గురించి అడగలేదు.

గోదారిగట్టు:
ముప్పై ఏళ్లు ఫిజియోథెరపిస్టుగా పనిచేశాను. ఎల్-4, ఎల్-5 అంటే నడుములోని నాలుగో, ఐదో వెన్నుపూసలు. వెన్నుపూసల మధ్య ముందు వైపు ఉండేది డిస్కు. వెనుక వైపు, కుడివైపున ఒకటి, ఎడమవైపున ఒకటి చిన్న కీళ్లు ఉంటాయి. అవే ఫాసెట్ కీళ్లు. మోకాలిలాగే వాటికీ మృదులాస్థి, జిగురు ద్రవం, చుట్టూ సంచి ఉంటాయి. పెంకుటింటి పెంకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు ఊహించుకోండి. ముందుకు వంగితే విడతాయి, వెనక్కి వాలితే నొక్కుకుంటాయి. అందుకే ఈ నొప్పి ఎక్కువసేపు నిలబడినా, వెనక్కి వంగినా, నడుము తిప్పినా పెరుగుతుంది. పిరుదుకీ తొడకీ పాకవచ్చు కానీ సాధారణంగా మోకాలు దాటదు. మోకాలు దాటి పాదం దాకా జివ్వుమని లాగితే నరం సంగతి ఆలోచించాలి. ఇంకొకటి, ఏ నొప్పీ లేనివారి ఎంఆర్ఐలో కూడా ఈ అరుగుదల చాలా మందికి కనిపిస్తుంది. కాగితాన్ని చూసి భయపడకండి.

తెలుగుపలక:
వివరణ బాగుంది కానీ ఫాసెట్ అనే మాట ఎందుకండీ? ‘ముఖకీలు’ అనవచ్చు కదా.

వేపచెట్టు:
ముఖకీలు అంటే దవడ అనుకుంటారు.

తెలుగుపలక:
వాడగా వాడగా అలవాటవుతుంది. కనీసం ‘వెన్ను చిరుకీలు’ అయినా...

కొబ్బరాకు:
అయ్యా, కీలు పేరు తర్వాత చూద్దాం. నాకు 46. బడిలో టీచరుని, రోజూ ఆరు పీరియడ్లు నిలబడే ఉంటాను. నొప్పి పిరుదు దాకా వస్తుంది, కుర్చీలో కూర్చుంటే హాయి. నడుముకు మంచిదన్నారని రోజూ ఇరవై సార్లు భుజంగాసనం వేస్తున్నాను, ఈ నెలలో ముప్పైకి పెంచాను కూడా. అయినా తగ్గడం లేదు.

గోదారిగట్టు:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత రాసే పని తప్పేది! వెనక్కి వంగితే నొప్పి వచ్చే కీలును రోజూ ముప్పై సార్లు వెనక్కి వంచుతున్నారు. కొన్నాళ్లు ఆపండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు ఛాతీ దగ్గరికి తెచ్చుకోండి, పొట్ట కండరాలు బలపరిచేవి మెల్లగా మొదలుపెట్టండి. నడక మానవద్దు. మంచం పట్టడం అసలు వద్దు. తరగతిలో ఒక కాలు చిన్న పీట మీద పెట్టి నిలబడితే తేడా తెలుస్తుంది.

యోగవనం:
యోగాను నిందించడం ఫ్యాషన్ అయిపోయింది. గురువు లేకుండా వేస్తే ఆసనం తప్పా, వేసేవారి తప్పా?

గోదారిగట్టు:
నేను ఆసనాన్ని నిందించలేదు. వంగితే నొప్పి తగ్గేవారు ఉంటారు, వాలితే తగ్గేవారు ఉంటారు. డిస్కు నొప్పి ఉన్న కొందరికి ఇదే భుజంగాసనం హాయినిస్తుంది. ఈయనకు పడదు, అంతే.

మిరపతోట:
మా బావగారికి నడుములో సూదితో నరం కాల్చారు, ఏడాది హాయిగా ఉన్నారు. మీరూ అదే చేయించుకోండి.

గోదారిగట్టు:
నేరుగా అక్కడికి పరుగెత్తకూడదండీ. ఆ కీలు నుంచి నొప్పి కబురు మోసే సన్నని నరాలు ఉంటాయి. ముందు వాటి దగ్గర మత్తుమందు వేసి చూస్తారు. ఆ కొన్ని గంటలు నొప్పి బాగా తగ్గితేనే దోషం ఆ కీలుదని నమ్ముతారు. ఆపైన రేడియో తరంగాల సూదితో సుమారు 80 డిగ్రీల వేడి పెట్టి ఆ నరాలను కాలుస్తారు. నెలల తరబడి ఉపశమనం ఉంటుంది, నరం మళ్లీ మొలిస్తే నొప్పి తిరిగి రావచ్చు. వ్యాయామం, మందులు కొన్ని నెలలు చూశాక వచ్చే మాట ఇది. ఆపరేషన్ ఊసే ఇప్పుడు అక్కరలేదు.

వేపచెట్టు:
కాలు బలహీనపడినా, మర్మాంగాల చుట్టూ తిమ్మిరి వచ్చినా, మూత్రం ఆగినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. జ్వరంతో నడుము నొప్పి వచ్చినా ఆలస్యం చేయకండి. ఇక్కడ పోస్టులు పెట్టవద్దు.

కొబ్బరాకు:
అవేవీ లేవు. పీట దొరికింది. భుజంగాసనం మానేశాను, రెండు వారాలు చూస్తాను. థాంక్సండీ.

పాతసైకిల్:
పరుపు మార్చారా?

మిరపతోట:
గోదారిగట్టు గారూ, మెడలో కూడా ఈ కీళ్లు ఉంటాయా? నాకు ఎడమవైపు తల తిప్పితే పట్టేస్తోంది...