వర్క్ పర్మిట్ మీద వచ్చాం, పాపకు టైప్ 1 డయాబెటిస్. కెనడాలో సాయానికి అప్లై చేయొచ్చా?

గుంటూరు నుంచి బ్రాంప్టన్:

అందరికీ నమస్కారం. ఈ ఏడాది మార్చిలో వచ్చాం. మా ఆయనది వర్క్ పర్మిట్, నాది స్పౌజ్ ఓపెన్ పర్మిట్. ఓహిప్ (ఒంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా) కార్డులు వచ్చాయి. పాపకు ఏడేళ్లు, రెండో తరగతి. ఐదో ఏట టైప్ 1 డయాబెటిస్ అని తేలింది. అక్కడున్నప్పుడు రాత్రిళ్లు షుగర్ చూడటానికి అత్తగారు సాయం ఉండేవారు. ఇక్కడ మేమిద్దరమే. నిద్ర లేదు, పైగా నేను ఉద్యోగంలో ఇంకా చేరలేదు.

మా ఆయన ఆఫీసులో ఒకరు "పిల్లకు డిజెబిలిటీ కింద డబ్బులొస్తాయి, అప్లై చేయలేదా" అన్నారట. చదవబోతే ఒకటి టాక్స్ క్రెడిట్ అంటారు, ఒకటి చైల్డ్ బెనిఫిట్ అంటారు, ఇంకొకటి సేవింగ్స్ ప్లాన్ అంటారు. ఏది ఎవరికో అర్థం కాలేదు. పర్మిట్ మీద ఉన్నవాళ్లకు ఇస్తారా? అప్లై చేస్తే రేపు పీఆర్‌కు, అంటే శాశ్వత నివాసానికి, ఇబ్బంది అవుతుందా? మా అత్తగారేమో "ఆడపిల్ల, ఆ ముద్ర ఇప్పుడే ఎందుకమ్మా" అంటున్నారు. అదొక టెన్షన్.

స్కార్‌బరో, 1998 నుంచి:

అమ్మా, నేను వచ్చి చాలా ఏళ్లయింది కాబట్టి చెప్తున్నాను. పర్మిట్ మీద ఉన్నవాళ్లకు ఏమీ రాదు. పీఆర్ చేతికొచ్చేదాకా ఆగండి. పిల్ల జబ్బు సంగతి ప్రభుత్వ కాగితాల్లో ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. పీఆర్‌కు చేసే మెడికల్ పరీక్షలో పట్టుకుంటే మొత్తం కుటుంబం ఫైలు ఆగిపోతుంది. అనుభవం మీద చెప్తున్నా.

మిస్సిసాగా అక్క (బాబుకు టైప్ 1, ఇప్పుడు హైస్కూల్):

చెల్లీ, ముందు నువ్వు ఒక్కటి పట్టుకో. అన్నిటికీ తాళంచెవి డిజెబిలిటీ టాక్స్ క్రెడిట్, అందరూ డీటీసీ అంటారు. అది సీఆర్‌ఏ, అంటే ఇక్కడి పన్నుల శాఖ, ఇచ్చే గుర్తింపు. అది వచ్చాకే మిగతావి. దానికి సిటిజన్ అయ్యుండాలని గానీ పీఆర్ ఉండాలని గానీ లేదు. మీరు పన్నుల లెక్కలో ఇక్కడి నివాసులైతే చాలు. అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా, ఉద్యోగం అన్నీ ఇక్కడే ఉన్నాయి కదా, కాబట్టి మీరు నివాసులే. ఇప్పుడే పెట్టొచ్చు.

ఫారం పేరు టీ2201. పార్ట్ ఏ మీరు నింపాలి, పార్ట్ బీ డాక్టరు గానీ నర్స్ ప్రాక్టిషనర్ గానీ నింపాలి. ఇప్పుడు డాక్టర్లు ఆన్‌లైన్‌లోనే నింపేస్తున్నారు. టైప్ 1 వాళ్లకు నిజంగా పెద్ద ఊరట ఏంటంటే, 2021 పన్ను సంవత్సరం నుంచి టైప్ 1 ఉంటే చాలు, చికిత్సకు వారానికి పద్నాలుగు గంటలు పడుతోందన్న లెక్క అడగరు. అంతకుముందు ప్రతి ఇంజెక్షనూ, ప్రతి వేలిపోటూ నిమిషాల్లో రాసుకుని చూపించాల్సి వచ్చేది. 2017లో టైప్ 1 ఉన్న పెద్దవాళ్ల దరఖాస్తులు చాలా తిరస్కరించారు, డయాబెటిస్ కెనడా అనే సంస్థ గట్టిగా పోరాడింది, ఆ డిసెంబరులో సీఆర్‌ఏ పాత పద్ధతికి వెనక్కి వెళ్లింది. ఈరోజు మీకు ఒక టిక్కుతో పని అయిపోతోందంటే ఆ తల్లిదండ్రుల, ఆ రోగుల పోరాటం వల్లే. అందుకే ఎవరైనా "ఆగండి" అంటే నాకు బాధేస్తుంది.

డబ్బు సంగతి. 2024 లెక్కల ప్రకారం ఫెడరల్‌లో మూల మొత్తం 9,872 డాలర్లు, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు అదనంగా 5,758 వరకు. ఈ రెండూ కలిపి అందులో 15 శాతం ఆ ఏడాది పన్నులోంచి తగ్గేది; 2025కి 14.5 శాతం, 2026 నుంచి 14 శాతం మీ ఆయన కట్టే పన్నులోంచి తగ్గుతుంది. చేతికిచ్చే డబ్బు కాదు, పన్ను ఉంటేనే ఉపయోగం. ఒంటారియో భాగం వేరేగా ఉంటుంది.

నెలనెలా చేతికొచ్చేది చైల్డ్ డిజెబిలిటీ బెనిఫిట్. 2025 జూలై నుంచి 2026 జూన్ వరకు ఏడాదికి గరిష్ఠంగా 3,411 డాలర్లు, అంటే నెలకు 284 దాకా. కుటుంబ ఆదాయం 81 వేలు దాటితే కొద్దికొద్దిగా తగ్గుతుంది. ఇది మామూలు చైల్డ్ బెనిఫిట్‌తో కలిసి ఇరవయ్యో తేదీ ప్రాంతంలో పడుతుంది. కానీ పర్మిట్ వాళ్లకు దీనికో షరతుంది: పద్దెనిమిది నెలలు ఇక్కడ ఉండి, పంతొమ్మిదో నెలలో చెల్లే పర్మిట్ ఉండాలి. మీరు మార్చిలో వచ్చారు కాబట్టి వచ్చే ఏడాది సెప్టెంబరు, అక్టోబరు నాటికి అర్హత వస్తుంది. పీఆర్ ముందే వస్తే అప్పటి నుంచే. దానికి ఆర్‌సీ66 ఫారం, దాంతో పాటు మీ పర్మిట్, ఆదాయ వివరాలు రాసే స్టేటస్ షెడ్యూలు పెట్టాలి. అందులో ఇక్కడికి రాకముందు ఇండియాలో సంపాదించింది కూడా రాయాలి.

ఒక ముఖ్యమైన మాట. నీకు ఆదాయం లేకపోయినా ఏప్రిల్ 30 లోపు నీ పన్ను రిటర్న్ కూడా వేయాలి. భార్యాభర్తల్లో ఒక్కరు వేయకపోయినా బెనిఫిట్ ఆగిపోతుంది.

మిల్టన్ అమ్మ (పాపకు ఊపిరితిత్తుల జబ్బు):

మాది టైప్ 1 కాదు, అందుకని మాకు ఆ టిక్కు సుఖం లేదు. మా పాపకు రోజూ రెండు పూటలా ఛాతీ ఫిజియోథెరపీ. ఇది కూడా ప్రాణాధార చికిత్సల జాబితాలోనే ఉంది, కానీ వారానికి కనీసం రెండుసార్లు, సగటున పద్నాలుగు గంటలు అని చూపించాలి. దీర్ఘకాలిక జబ్బులున్న పిల్లల తల్లిదండ్రులు ఇంకెవరైనా చదువుతుంటే వాళ్ల కోసం ఇది మొత్తం రాస్తున్నాను.

మా ఇంటి దగ్గర క్లినిక్‌లో ఫారం ఇచ్చాం. ఫీజు తీసుకున్నారు, అది వాళ్ల హక్కు, ఓహిప్ దానికి ఇవ్వదు. డాక్టరు మా పాపను రెండుసార్లో మూడుసార్లో చూశారంతే. బయట పేషెంట్లు నిండిపోయి ఉన్నారు, ఆయన నిలబడే నింపారు. గంటల గడి ఖాళీ. వివరణ దగ్గర "థెరపీతో పరిస్థితి నిలకడగా ఉంది" అని ఒక్క వాక్యం. రోజూ ఆ పిల్లను పడుకోబెట్టి వీపు తట్టకపోతే నిలకడ ఎక్కడిది? అది ఎక్కడా లేదు. కొన్ని వారాలకు గంటల వివరాలు అడుగుతూ క్లినిక్‌కి ప్రశ్నాపత్రం వెళ్లింది. అది ముందు కౌంటర్ దగ్గర పాప ఫైల్లోనే ఉండిపోయింది. నేను ఫోన్ చేసిన ప్రతిసారీ "పంపేశాం" అన్నారు. చివరికి వివరాలు అందలేదని తిరస్కరిస్తూ ఇంటికి ఉత్తరం వచ్చింది. క్లినిక్‌కి వెళ్లి ఫైలు తెరవమని అడిగితే ఆ కాగితం ముడత కూడా పడకుండా అందులోనే ఉంది. నేను అక్కడే ఏడ్చేశాను. రిసెప్షనిస్ట్ "కొత్త ఫారానికి మళ్లీ ఫీజు కట్టాలి" అంది.

అదే సమయంలో ఒక ఏజెంటు తగులుకున్నాడు. మన తెలుగువాడే. "పదేళ్ల వెనక డబ్బు తెప్పిస్తాను, వచ్చినదాంట్లో నా వాటా" అన్నాడు. వెనక్కి పదేళ్ల వరకు సరిచేయించుకోవచ్చన్నది నిజమే, కానీ అది మనమే అడగొచ్చు, ఫారంలోనే ఆ గడి ఉంటుంది. పిల్ల మందుల డబ్బులో వాటా అడిగేవాళ్లను ఇంట్లోకి రానివ్వకండి.

నేను చేసింది ఇది. ఒక నోటుబుక్కులో ఏ పూట ఎంతసేపు పట్టిందో, సామాను అమర్చడం, కడగడంతో సహా రాశాను. హాస్పిటల్‌కి వెళ్లొచ్చే ప్రయాణం, మామూలు అపాయింట్‌మెంట్లు లెక్కలోకి రావు, అవి రాయకండి. ఆ పుస్తకం స్పెషలిస్ట్ క్లినిక్‌లో నర్స్ ప్రాక్టిషనర్‌కి చూపించాను. ఆవిడ కూర్చుని, పాపను చూస్తూ, గంటలతో సహా రాశారు. కొత్త వివరాలతో మళ్లీ పరిశీలించమని పంపితే ఆమోదించారు. అదీ కాకపోతే ఉత్తరం తేదీ నుంచి 90 రోజుల్లో అభ్యంతరం వేసుకునే దారి ఉంది. డాక్టరు ఫీజు రసీదు దాచుకోండి, మెడికల్ ఖర్చుల్లో చూపించొచ్చు.

స్కార్‌బరో, 1998 నుంచి:

మిస్సిసాగా అమ్మాయి పద్దెనిమిది నెలలు అని తనే రాసింది. నేనన్నదీ అదే, ఇప్పుడు చేతికి ఏమీ రాదు. మెడికల్ గురించి ఎవరూ మాట్లాడలేదు.

మిస్సిసాగా అక్క:

అంకుల్, మీరంటే గౌరవమే. కానీ మీరు అన్నది "ఏమీ రాదు, ఆగండి" అని. ఇప్పుడే అందే పన్ను తగ్గింపును వాయిదా వేసుకోమనడం ఆ అమ్మాయికి ఇబ్బంది.

మెడికల్ గురించి చెప్తాను. పీఆర్‌కు ఎలాగూ పాపకూ మెడికల్ ఉంటుంది, అక్కడ డాక్టరు అడుగుతారు, నిజం చెప్పాలి. దాస్తే అది తప్పుడు సమాచారం, ఐదేళ్లు నిషేధం పడుతుంది. దాచమని మాత్రం ఎవరికీ సలహా ఇవ్వకండి అంకుల్, దండం పెడతాను. ఇక వైద్యానికి ప్రభుత్వ ఖర్చు ఒక హద్దు దాటుతుందనుకుంటే పీఆర్ ఆపే నిబంధన ఉంది, నిజమే. 2018లో ఆ హద్దును మూడు రెట్లు చేశారు, స్పెషల్ ఎడ్యుకేషన్ ఖర్చును లెక్కలోంచి తీసేశారు. 2025లో హద్దు ఏడాదికి 27 వేల డాలర్ల పైచిలుకు. ఇన్సులిన్, ఇన్సులిన్ పంపు సామాను ఖర్చు దానికి చాలా కింద ఉంటుంది. పన్ను క్రెడిట్ తీసుకోవడం వెల్ఫేర్ తీసుకోవడం కాదు, చైల్డ్ బెనిఫిట్ తీసుకోవడం కూడా వెల్ఫేర్ కాదు.

స్కార్‌బరో, 1998 నుంచి:

దాచమని నేను అనలేదు. తొందరపడొద్దన్నాను. మా రోజుల్లో ఆ హద్దు ఇంత ఉండేది కాదు, మనుషులు భయపడటానికి కారణాలుండేవి. సరే, మారితే మంచిదే. టీ2201 ఇప్పుడే పెట్టుకోండమ్మా.

వాటర్లూ నాన్న:

ఎవరూ ఆర్‌డీఎస్‌పీ (మీరు అడిగిన ఆ డిజెబిలిటీ సేవింగ్స్ ప్లాన్) గురించి చెప్పలేదేంటి? డీటీసీ వచ్చాక అసలైన మేలు అదే. ఆదాయాన్ని బట్టి ఏడాదికి 3,500 డాలర్ల వరకు ప్రభుత్వం గ్రాంటు వేస్తుంది, జీవితకాలం మీద 70 వేలు. తక్కువ ఆదాయమైతే మనం పైసా వేయకపోయినా బాండు పేరుతో ఏడాదికి వెయ్యి వరకు ప్రభుత్వమే వేస్తుంది, మొత్తం 20 వేలు. మా వాడి ఖాతా చిన్నప్పుడే తెరిచాం.

మిస్సిసాగా అక్క:

తమ్ముడూ, మంచిదే కానీ కొత్తవాళ్లకు మొదటి పని అది కాదు. పిల్లకు సిన్ నంబరు (ప్రభుత్వం ఇచ్చే సోషల్ ఇన్సూరెన్స్ నంబరు) కావాలి, ఇక్కడి నివాసి అయ్యుండాలి. మధ్యలో డబ్బు తీస్తే, తీసిన ప్రతి డాలరుకూ గత పదేళ్లలో ప్రభుత్వం వేసినదాంట్లోంచి మూడు డాలర్ల దాకా వెనక్కి పోతాయి. రెండేళ్లలో ఇండియా వెళ్లిపోదాం అనుకునేవాళ్లు తొందరపడకూడదు.

వాటర్లూ నాన్న:

వెళ్లిపోదాం అనుకున్నవాళ్లం అందరం ఇక్కడే ఉన్నాం అక్కా. పిల్లకు ముప్పై ఏళ్లు వచ్చినా ఇన్సులిన్ ఆగదు. అప్పటికి ఏం ఉంటుందో మనమే ఆలోచించాలి.

గుంటూరు నుంచి బ్రాంప్టన్:

అందరికీ చాలా చాలా థాంక్స్. రాత్రి మా ఆయనకు అన్నీ చదివి వినిపించాను. మందుల సంగతి, స్కూలు సంగతి కూడా అడగొచ్చా? స్కూల్లో ఇన్సులిన్ ఎవరు వేస్తారో స్పష్టంగా చెప్పట్లేదు. టీచరుకు ఇడ్లీలో ఎంత కార్బ్ ఉంటుందో తెలియదు, నేను రోజూ భయపడుతూ పంపుతున్నాను.

మిస్సిసాగా అక్క:

అడగాల్సింది అదే చెల్లీ. ఒంటారియోలో డయాబెటిస్, ఆస్తమా, మూర్ఛ, తీవ్రమైన అలర్జీ ఉన్న పిల్లలకు స్కూలు "ప్లాన్ ఆఫ్ కేర్" రాయాలని 2018 సెప్టెంబరు నుంచి నియమం ఉంది. ప్రిన్సిపాల్‌కు ఈమెయిల్ పెట్టు, ఆ పేరుతోనే అడుగు. షుగర్ పడిపోతే ఏం చేయాలి, జ్యూస్ ఎక్కడుంటుంది, ఎవరికి ఫోన్ చేయాలి అన్నీ అందులో ఉండాలి. డబ్బా మూత మీద "రెండు ఇడ్లీ, ఇన్ని గ్రాములు" అని రాసి అంటించు. పులిహోర, ఉప్మా ఉన్న రోజు కప్పుతో కొలిచి పెట్టు. మా వాడికి అలాగే పంపేదాన్ని.

మందులకు, ప్రైవేట్ ఇన్సూరెన్స్ లేకపోతే పాతికేళ్ల లోపు వాళ్లకు ఓహిప్ ప్లస్ అనే మందుల పథకం ఇన్సులిన్ ఇస్తుంది. మీ ఆయన కంపెనీ ఇన్సూరెన్స్‌లో పాప ఉంటే ముందు అదే కట్టాలి, అయినా భారం ఎక్కువైతే మందుల ఖర్చుకు సాయం చేసే ట్రిలియం డ్రగ్ ప్రోగ్రాం ఉంది. పంపు కావాలంటే అసిస్టివ్ డివైసెస్ ప్రోగ్రాం పంపుకీ, ఏడాదికి సామానుకీ డబ్బు ఇస్తుంది. మీ పిల్లల డయాబెటిస్ క్లినిక్ ద్వారానే అది వెళ్తుంది. ఇన్సులిన్ పుట్టింది టొరంటోలోనే, 1921లో. ఆ ఊరి పక్కన ఉండి నీ బిడ్డకు అందాల్సింది అడగడానికి మొహమాటం ఎందుకు?

అత్తగారికి చెప్పు, డీటీసీ కాగితం సీఆర్‌ఏకీ మీకూ మధ్య ఉంటుంది. పెళ్లిచూపులకు దాన్ని ఎవరూ తీసుకురారు.

గుంటూరు నుంచి బ్రాంప్టన్:

గురువారం క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ ఉంది అక్కా. ఫారం తీసుకెళ్తున్నాను.

మిల్టన్ అమ్మ:

జబ్బు మొదలైన సంవత్సరం గడిలో అక్కడ తేలిన సంవత్సరమే రాయించండి, ఇక్కడ మొదటిసారి చూసిన తేదీ కాదు. పాత డిశ్చార్జి సమ్మరీ చేతిలో పెట్టుకోండి. డాక్టరు ఆన్‌లైన్‌లో నింపితే వచ్చే రెఫరెన్స్ నంబరు అక్కడే రాయించుకుని బయటకు రండి. దాదాపు ఎనిమిది వారాల్లో జవాబు రావాలి. రాకపోతే ముందు క్లినిక్‌కి కాదు, సీఆర్‌ఏకి ఫోన్ చేసి ఏమైనా ప్రశ్నలు పంపారా అని అడగండి.

వాటర్లూ నాన్న:

ఆర్‌డీఎస్‌పీ తెరిచే రోజొస్తే ముందు బ్యాంకుకు ఫోన్ చేసి వెళ్లండి. అది తెలిసినవాళ్లు ప్రతి బ్రాంచిలో ఉండరు.