రాగాల చార్టుకు డబ్బు కట్టాలా? మ్యూజిక్ థెరపీ వైద్యమేనా?

పెరంబూరు పిల్ల

అందరికీ నమస్కారం. మాది చెన్నై, పెరంబూరు. నాన్నకు 67 ఏళ్లు, ఐసీఎఫ్‌లో (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) రిటైరయ్యారు. మూడు నెలల కిందట స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట పడిపోయాయి. కాలు ఇప్పుడు కాస్త కదులుతోంది. మాటే రాలేదు. మనం చెప్పేదంతా ఆయనకు అర్థమవుతుంది, జవాబు మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. "నీళ్లు" అనడానికి పెనుగులాడి పెనుగులాడి, చివరికి ఎడం చేత్తో గోడ మీద కొడతారు.

ఇంటికి దగ్గర్లో ఒక రీహాబ్ సెంటర్‌లో చేర్చాం, పేరు చెప్పను. బిల్లులో ఫిజియోథెరపీ కింద "మ్యూజిక్ థెరపీ, 8 సెషన్లు" అని ఇంకో లైను వేసి 12 వేలు రాశారు. వెళ్లి చూస్తే ఏసీ గది, వాలు కుర్చీ, ఒక ట్యాబ్, హెడ్‌ఫోన్స్. గోడకు లామినేట్ చేసిన చార్టు: బీపీకి ఆనందభైరవి, నిద్రకు నీలాంబరి, కీళ్లనొప్పులకు తోడి, షుగర్‌కు ఇంకేదో. ఇలా ఓ ఇరవై ఉన్నాయి. నాన్నకు ఆనందభైరవి పెట్టి ఆ అమ్మాయి బయటికెళ్లి ఫోన్ చూసుకుంది. పది నిమిషాల్లో నాన్న గురక. రెండు సెషన్లూ అంతే.

ఇంతవరకే అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. మొన్న శనివారం అమ్మ దీపం పెట్టి అన్నమయ్య కీర్తన ఒకటి అందుకుంది. రెండో చరణం దగ్గర నాన్న గొంతు కలిపారు. ఊరికే కూనిరాగం కాదండీ, మాటలతో సహా! అమ్మ పాట ఆపేసి ఏడ్చేసింది. ఆవిడ ఆపగానే ఆయనా ఆగిపోయారు. "నీళ్లు కావాలా అండీ" అని అడిగితే మళ్లీ గోడే.

మరి ఇందులో ఏదో ఉన్నట్టా, లేనట్టా? మిగతా ఆరు సెషన్లకు పంపమంటారా?

సందేహాలరావు (వేళచ్చేరి)

పంపొద్దమ్మా. చార్టు చూసినప్పుడే లేచి రావాల్సింది.

ఇలాంటి పిచ్చి మనకొక్కళ్లకే లేదు. 1993లో నేచర్ పత్రికలో ఒక చిన్న ప్రయోగం అచ్చయింది. 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు మొజార్ట్ సొనాటా వినిపించి ఒక రకం పజిల్స్ ఇస్తే, కాస్త మెరుగ్గా చేశారు. ఆ మెరుగు పది పదిహేను నిమిషాలకు మించి నిలవలేదు. అయినా జనం దాన్ని "మొజార్ట్ వింటే పిల్లలకు తెలివి పెరుగుతుంది" అని పట్టుకున్నారు. 1998లో అమెరికాలో జార్జియా గవర్నర్, పుట్టిన ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం రికార్డింగ్ ఇవ్వాలని బడ్జెట్‌లో డబ్బే అడిగాడు. మీ చార్టు దానికి మన ఊరి తమ్ముడు.

ఇంకో మాట. మాయ చికిత్సల ప్రకటనల మీద 1954 నుంచీ మనకు చట్టం ఉంది. ఫలానా జబ్బులు నయం చేస్తామని ప్రకటించకూడదని అందులో జాబితా ఇచ్చారు. బీపీ, షుగర్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. మాయ చికిత్స అంటే ఏమిటో చెబుతూ తాయెత్తు, మంత్రం, కవచం అని పేర్లు కూడా రాశారు. రాగం రాయడం మరిచిపోయినట్టున్నారు.

మైలాపూరు వీణ టీచర్

సందేహాలరావు గారూ, వెటకారం తర్వాత. తంబియప్పన్ అనే శిష్యుడికి కడుపునొప్పి వస్తే ముత్తుస్వామి దీక్షితులు బృహస్పతి మీద అఠాణా రాగంలో కీర్తన కట్టారు. పుత్తూరులో త్యాగరాజస్వామి బిలహరి పాడి పోయిన ప్రాణం తెచ్చారని మా గురువుగారు చెప్పేవారు. ఇవన్నీ పాత కథలే అనుకుందాం. మరి కున్నక్కుడి వైద్యనాథన్ గారు? అంత పెద్ద వయొలిన్ విద్వాంసుడు, ఈ ఊళ్లోనే రాగాల మీద పరిశోధన కేంద్రం పెట్టి వైద్యం వైపు చూశారు కదా. మీకు తెలియనంత మాత్రాన లేదనేస్తే ఎలా?

పెరంబూరు అమ్మాయీ, మీ నాన్నగారి చేత పాడించు. ఏ సెంటరూ అక్కర్లేదు.

సందేహాలరావు

టీచర్ గారూ, కథల్ని కాదనను. దీక్షితుల కథే తీసుకోండి. అందులో శిష్యుడు ఆ కీర్తన తానే పాడుకున్నాడు తప్ప హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నిద్రపోలేదు. పైగా ఆయన ప్రార్థించింది గురుగ్రహాన్ని. "గ్యాస్ట్రిక్‌కు అఠాణా, రోజుకు రెండు పూటలా" అని దీక్షితులు ఎక్కడా రాయలేదు.

కున్నక్కుడి గారి వయొలిన్‌కు నేనూ వీరాభిమానినే. కానీ పెద్ద విద్వాంసుడు ప్రయత్నించాడు అన్నది రుజువు కాదు. పోల్చి చూడటానికి పక్కన ఆ వైద్యం ఇవ్వని వాళ్లు, అంటే కంట్రోల్ గ్రూపు ఉండాలి కదా.

కొరుక్కుపేట కుర్రోడు

మా వీధిలో కంట్రోల్ గ్రూపు ఉందన్నా. ఆడి నెల అమ్మవారి ఉత్సవానికి పది రోజులు సౌండ్ బాక్సులు పెడతారు. తాతకు బీపీ 170. పదకొండో రోజు 140. సంగీతానికీ బీపీకీ సంబంధం లేదని ఎవరైనా అంటే మా ఇంటికి పంపండి 😀

స్పీచ్ అక్క (అన్నా నగర్)

నేను స్పీచ్ థెరపిస్టుని. డ్యూటీ అయ్యాక రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

పెరంబూరు చెల్లెమ్మా, ముందు ఒక చేదు మాట చెప్పేస్తాను. పాట వచ్చిందంటే మాట వచ్చేసినట్టు కాదు. చిన్నప్పట్నుంచీ నోటికి పట్టిన కీర్తనలు, ఎక్కాలు, వారాల పేర్లు, తిట్లు (అవునండీ, తిట్లు కూడా) మాట పడిపోయినవాళ్లలో చాలామందికి మిగిలే ఉంటాయి. అవి గొలుసులాంటివి, ఒక కొస లాగితే మిగతాది దానంతటదే వస్తుంది. "నాకు నీళ్లు కావాలి" అనాలంటే మాత్రం ప్రతి మాటా ఎంచి కట్టుకోవాలి. దెబ్బ తగిలింది అక్కడ. అందుకని రోజంతా కీర్తన పాడించినా నీళ్లు అడగడం రాదు.

కానీ ఆ మిగిలిన పాటను నిచ్చెనలా వాడుకునే పద్ధతి ఒకటి ఉంది. మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ అంటారు. బోస్టన్‌లో మొదలైంది, 1973లో ప్రచురించారు. రోగికి ఎదురుగా కూర్చుంటాం. "నీళ్లు కావాలి" అన్నదాన్ని రెండే రెండు స్వరాల మీద, సాగదీసి, కూనిరాగంలా అంటాం. ఒక్కో అక్షరానికి రోగి ఎడమ చెయ్యి పట్టుకుని బల్ల మీద ఒక్కో తట్టు. తర్వాత ఇద్దరం కలిసి అంటాం. ఆ తర్వాత మధ్యలో నేను గొంతు తగ్గించేస్తాను, ఆయన పూర్తి చేయాలి. చివరికి "ఏం కావాలి?" అని మామూలుగా అడుగుతాను, పాట లేకుండా జవాబు రావాలి. ఈ చివరి మెట్టుకు కొన్నిసార్లు వారాలు పడుతుంది, కొందరు అక్కడిదాకా రారు.

ఇది అందరికీ కాదు. అర్థం చేసుకోగలిగి, పలకలేకపోతున్నవాళ్లకు. మీ నాన్నగారు అలాగే ఉన్నారనిపిస్తోంది, అయినా చూడకుండా చెప్పలేను. ప్రాక్టీస్ చేసిన వాక్యాలు బాగా వస్తాయి, కొత్త మాటలకు అది అంత తేలిగ్గా పాకదు. అది కూడా ముందే చెబుతాం. పాడటం వల్ల కుడి మెదడు సాయానికి వస్తుందని మొదట్లో అనుకున్నారు. అసలు పని చేసేది స్వరం కాదు, లయా ఆ నిదానమూ అని ఇంకొందరంటారు. ఆ తగువు తెగలేదు.

నడకకూ ఇలాంటిదే ఉంది. ఇప్పుడాయన ఎంత వేగంగా అడుగేస్తున్నారో ఆ లయకే మెట్రోనోమ్ (సమంగా టక్ టక్‌మనే యంత్రం) పెట్టి, కుదురుకున్నాక కొద్దికొద్దిగా పెంచుతారు. స్ట్రోక్, పార్కిన్‌సన్స్ రెండింట్లోనూ వాడతారు. దానికి రాగం లేదు, టక్ టక్ అంతే.

మైలాపూరు వీణ టీచర్

ఆ రెండు స్వరాలు ఏవమ్మా?

స్పీచ్ అక్క

మీ భాషలో షడ్జం, సాధారణ గాంధారం అనుకోండి టీచర్. ఇంగ్లీషులో ఒత్తి పలికే చోట పై స్వరం పెడతారు. మన తెలుగులో ఆ ఒత్తు అంతగా లేదు కాబట్టి నేను దీర్ఘాల దగ్గర పెడుతుంటాను. నీ-ళ్లు కా-వా-లి.

మైలాపూరు వీణ టీచర్

అంటే గురువుకు పై స్వరం, లఘువుకు కింది స్వరం. బాగుంది! ఛందస్సు చదివినందుకు ఇన్నాళ్లకు ఒక పని దొరికింది.

ఇంకొకటి. ఇందాక కోపంలో రాశాను కానీ, ఆ చార్టు నన్నూ కుదురుగా ఉండనివ్వడం లేదు. "కీళ్లనొప్పులకు తోడి" అట. ఏ తోడి? మన తోడి వేరు, హిందుస్తానీ తోడి వేరు. వాళ్ల తోడి మనకు దాదాపు శుభపంతువరాళి. అక్కడి పుస్తకంలోంచి పేరు ఎత్తి ఇక్కడ గోడకు అంటించారేమో. మందు పేరు ఒకటి, సీసాలో ఉన్నది ఇంకొకటి. నీలాంబరి వింటే నాకూ నిద్ర వస్తుంది, ఎందుకంటే మా అమ్మ ఉయ్యాలలో వేసి పాడింది అదే. ఉయ్యాలలో ఇంకేదో విన్నవాడికి నీలాంబరితో నిద్ర ఎందుకు వస్తుంది?

సందేహాలరావు

టీచర్ గారూ, దండం. నేను వంద పేపర్లు చదివి చెప్పలేనిది ఒక్క ముక్కలో చెప్పారు.

స్పీచ్ అక్కా, మీరు చెప్పినది ఒప్పుకుంటాను. కానీ అది స్పీచ్ థెరపీ. దానికి మ్యూజిక్ అని పేరు పెట్టడం వల్లే ఆ ట్యాబ్ గదులు బతుకుతున్నాయి. ఒకచోట పని చేసిందాన్ని చూపించి ఇంకోచోట అమ్ముతారు. ఆటిజం సంగతి చూడండి. తొమ్మిది దేశాల్లో 364 మంది పిల్లల మీద చేసిన ట్రయల్ 2017లో వచ్చింది. అయిదు నెలలు మ్యూజిక్ థెరపీ ఇచ్చినా లక్షణాల తీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పాపం తల్లిదండ్రులు మాత్రం ఇప్పటికీ క్యూలో నిలబడుతున్నారు.

స్పీచ్ అక్క

ఆ ట్రయల్ నిజమే. రెండోవైపు కూడా చెప్పండి మరి. ఆపరేషన్ల చుట్టూ సంగీతం వినిపించిన 73 ట్రయల్స్‌ను, దాదాపు 7 వేల మంది రోగుల వివరాలతో, 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో కలిపి చూశారు. నొప్పి తగ్గింది, టెన్షన్ తగ్గింది, నొప్పి మాత్రల వాడకం తగ్గింది. ఆసుపత్రిలో ఉండే రోజులు మాత్రం తగ్గలేదు. అక్కడ ఊరికే వినడం కూడా పనికొచ్చింది సార్. కాబట్టి హెడ్‌ఫోన్స్ తప్పు కాదు. హెడ్‌ఫోన్స్ పెట్టి షుగర్ తగ్గిస్తామనడం తప్పు, దానికి సెషన్‌కు పదిహేను వందలు తీసుకోవడం ఇంకా తప్పు.

సేలైయూరు కోడలు

మీ ట్రయల్స్ మధ్యలో నా గోడు ఒకటి. మా అత్తయ్యకు నాలుగేళ్లుగా డిమెన్షియా. స్నానం అంటే యుద్ధం, రక్కేసేవారు. ఒకరోజు నేను ఏదో పాత సినిమా పాట కూనిరాగం తీస్తుంటే చెయ్యి వదులు చేశారు. అప్పట్నుంచీ చెంబు నీళ్లు పోసే ముందు పాట మొదలుపెట్టడం అలవాటైంది. జబ్బు తగ్గిందా అంటే ఏమీ తగ్గలేదు, నా పేరే గుర్తులేదు. నా చేతుల మీద గాట్లు మాత్రం తగ్గాయి.

కానీ జాగ్రత్త. ఒకసారి ఆడపడుచు ముచ్చటపడి మామయ్యకు ఇష్టమైన పాట పెట్టింది. అత్తయ్య వీధి తలుపు దగ్గరికెళ్లి నిలబడి, ఆయన ఇంకా డ్యూటీ నుంచి రాలేదేమని రాత్రి పదకొండు దాకా ఏడ్చారు. మామయ్య పోయి తొమ్మిదేళ్లు. ఆ పాట మళ్లీ మా ఇంట్లో మోగలేదు.

స్పీచ్ అక్క

ఇది ఆ చార్టులో ఎక్కడా రాసి ఉండదు. మనిషిని కనుక్కోకుండా పాట ఎంచితే ఇలాగే అవుతుంది. థాంక్స్ అమ్మా, రాసినందుకు.

పెరంబూరు పిల్ల

నాలుగు వారాల తర్వాత వచ్చాను, సారీ. సెంటర్ వాళ్లు డబ్బు వెనక్కివ్వం అన్నారు. పెద్ద గొడవ పడితే మిగతా ఆరు సెషన్లకు బదులు ఫిజియో ఇస్తామన్నారు, సరే అన్నాం. స్పీచ్ థెరపిస్టు వారానికి మూడు రోజులు వేరేగా వస్తున్నారు, ఇంట్లో రోజూ రెండుసార్లు అమ్మ చేయిస్తోంది. మొదటి వారం ఏమీ లేదు, నాన్న కోపంతో బల్లే తోసేశారు. రెండో వారం "కా-ఫీ" దాకా వచ్చి ఆగేది. ఇప్పుడు మూడు వాక్యాలు వస్తున్నాయి. "కాలు నొప్పి" మాత్రం పాట లేకుండానే వస్తోంది. "నీళ్లు కావాలి" ఇంకా స్వరం ఉంటేనే.

నిన్న జరిగింది చెప్పాలి. సెంటర్ వాళ్లు పంపిన ఆనందభైరవి లింకు ఉంది కదా, డబ్బు పోయింది కనీసం వినిపిద్దామని మా తమ్ముడు టీవీలో పెట్టాడు. నాన్న కాసేపు చూశారు. తర్వాత ఎడం చేత్తో కుర్చీ చెయ్యి మీద తట్టుకుంటూ, అదే రెండు స్వరాల్లో, "టీ-వీ-ఆ-పు" అన్నారు. అది మేం నేర్పించిన వాక్యం కాదు.

సందేహాలరావు

🙏🙏 ఒక్క మనిషిది రుజువు కాదని తెలిసీ రెండుసార్లు చదివానమ్మా.

మైలాపూరు వీణ టీచర్

ముందు ఆ లింకులో వాయించింది ఎవరో చెప్పమ్మా. మీ నాన్నగారు ఆపమన్నది తప్పో ఒప్పో అప్పుడు చెబుతాను.