లైంగిక వేధింపులపై విద్యార్థుల అవగాహన సర్వే: పేర్లు బయటపడకుండా ఎలా చేయాలి?

యూనివర్సిటీ విద్యార్థుల కోసం తెలుగులో ప్రశ్నావళి తయారుచేస్తున్నాం. ఇలాంటి సర్వేలు చేసినవాళ్లు, ఐసీసీలో (లైంగిక వేధింపుల ఫిర్యాదులను విచారించే అంతర్గత ఫిర్యాదుల కమిటీ) పనిచేసినవాళ్లు దయచేసి సలహా ఇవ్వండి.

"మీరు లైంగిక వేధింపులకు గురయ్యారా?" అని నేరుగా అడిగితే చాలామంది లేదనే రాస్తారు. ఒంటిమీద చెయ్యి వేస్తేనే వేధింపు అనుకునేవాళ్లు ఎక్కువ. అందుకే జరిగిన పనినే అడుగుతున్నాం: "వద్దన్నాక కూడా రాత్రిళ్లు వాట్సాప్‌లో మెసేజ్‌లు పెట్టారా?", "ఇంటర్నల్ మార్కుల పేరు చెప్పి ఒంటరిగా రమ్మన్నారా?"

అవగాహన ప్రశ్నలు 2015 యూజీసీ నిబంధనల నుంచి తీసుకున్నాం: ఫిర్యాదుకు 3 నెలల గడువు, 90 రోజుల్లో విచారణ, విద్యార్థుల కేసైతే కమిటీలో ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు. ప్రతిదానికీ "తెలియదు" అన్న ఆప్షన్ ఉంది. లేకపోతే ఊహించి టిక్ పెట్టేస్తారు.

ఎటూ తేలనిది గోప్యత. ఇద్దరే అమ్మాయిలు పీహెచ్‌డీ చేస్తున్న డిపార్ట్‌మెంట్‌లో శాఖ, సంవత్సరం, జెండర్ మూడూ అడిగితే ఎవరు రాశారో ఇట్టే పోల్చుకుంటారు. శాఖ తీసేస్తే సమస్య ఎక్కడుందో తెలియదు. ఐదుగురికన్నా తక్కువున్న గుంపులను కలిపి చూపిస్తే సరిపోతుందా? గూగుల్ ఫామ్‌లో ఈమెయిల్ సేకరణ ఆపేశాం, లెక్చరర్ ఎదుట క్లాసులో నింపించడం లేదు. ఇంకేం జాగ్రత్తలు కావాలి?

181 మహిళా హెల్ప్‌లైన్, ఐసీసీ సభ్యుల నంబర్లు మొదటి పేజీలోనే ఇస్తున్నాం. చివరి ఖాళీలో ఎవరైనా తమకు జరిగింది రాస్తే, పేరు తెలియకుండానే వాళ్లకు సాయం చేరేదెలా?