వ్యంగ్యం ఎప్పుడు గుచ్చుకుంటుంది?

ప్రశ్న: డబ్బునీ, నలుగురేమనుకుంటారో అన్న భయాన్నీ వెక్కిరించే రచనలు కొన్ని సూటిగా తగులుతాయి, కొన్ని వట్టి తిట్లుగా మిగిలిపోతాయి. ఎందుకంటారు?

జవాబు 1: గొంతు పెంచకపోవడమే కిటుకు అనుకుంటా. 1729లో ఐరిష్ రచయిత జోనథన్ స్విఫ్ట్ 'ఎ మోడెస్ట్ ప్రపోజల్' అనే వ్యంగ్య వ్యాసంలో ఐర్లండ్ పేదల పిల్లల్ని డబ్బున్నవాళ్ళకి తిండిగా అమ్మేద్దామని లెక్కలు వేసి మరీ చెప్తాడు, పైగా భూస్వాములు తల్లిదండ్రుల్ని ఇప్పటికే మింగేశారు కాబట్టి పిల్లల మీద హక్కూ వాళ్ళదేనంటాడు. ఒక్క తిట్టు లేదు, చదువుతుంటే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది.

జవాబు 2: అంత దూరం ఎందుకండీ, 'కన్యాశుల్కం' ఉందిగా. పిసినారి లుబ్ధావధాన్లు డబ్బు పోసి కొనుక్కున్న పెళ్ళికూతురు తీరా చూస్తే ఆడవేషం వేసిన కుర్రాడు. ఆచారం మీద ఉపన్యాసం అక్కర్లేదు, గురజాడ ఆ బేరాన్ని చూపించి ఊరుకున్నాడు.

జవాబు 3: నిజమే కానీ, ఆ నాటకంలోనే గిరీశం ఉన్నాడు. సంస్కరణ కబుర్లతో అందర్నీ ముంచే మనిషి, మనమేమో వాడి డైలాగులు ముద్దుగా వల్లిస్తాం. నవ్వు ఎక్కువైతే దెబ్బ తగలాల్సినవాడే హీరో అయిపోతాడు, ఇది ఏ వ్యంగ్య రచయితకైనా తలనొప్పే.

జవాబు 2: వాడు మనకి నచ్చడం కూడా మన మీద వెక్కిరింతేనేమో!