ట్యాంకులో మూడో వంతు మిగల్చాల్సిందేనా?

పటమట:
జూన్ 14తో సముద్రంలో చేపల వేట నిషేధం అయిపోతుంది. ఆ తర్వాత నేనూ మా బావమరిదీ నిజాంపట్నం నుంచి సూర, వంజరం చేపల కోసం లోపలికి వెళ్దామనుకుంటున్నాం. చిన్న ఫైబర్ బోటు, 40 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజిన్, ట్యాంకు 50 లీటర్లు. బ్యారేజీ ఎగువన భవానీ ద్వీపం పక్కన పెట్రోల్ ఎంత తాగుతుందో చూపే ఫ్లో మీటర్ పెట్టి నడిపి చూశా. 14 నాట్ల (గంటకు 14 నాటికల్ మైళ్ల) వేగంలో గంటకు 8 లీటర్లు, అంటే ట్యాంకుకు 87 నాటికల్ మైళ్లు. ఇరవై శాతం పక్కన పెట్టినా 35 మైళ్లు వెళ్లి రావచ్చు. ఎవర్ని అడిగినా "పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, మూడోది ముట్టుకోవద్దు" అంటున్నారు. మీటర్లు లేని రోజుల నాటి లెక్క ఇప్పుడెందుకు?

బాపట్ల గాలం:
మీటర్ తాగేసిన పెట్రోల్ చెబుతుంది తమ్ముడూ, తాగబోయేది చెప్పదు. కృష్ణలో నీళ్లు కదలవు, బోటులో నువ్వొక్కడివే. సముద్రంలో ఐస్ పెట్టె, సామాను, ఇంకో మనిషి, పైన కెరటం. 11 నాట్లు, గంటకు 9 లీటర్లు అనుకో. మైలుకు 0.57 లీటరు ఉన్నది 0.82 అవుతుంది. ట్యాంకు అడుగున పైపుకి అందనిది ఐదు లీటర్లు తీసెయ్. మిగిలిన 45కి 55 మైళ్లు, అందులో మూడో వంతు 18. బెంజ్ సర్కిల్ దగ్గర పెట్రోల్ అయిపోతే బండి తోసుకెళ్తావు. అక్కడ ఎవర్ని తోయమంటావు?

పటమట:
0.82 ఒప్పుకుంటా అన్నా. కానీ మధ్యాహ్నానికి గాలి సముద్రం మీద నుంచి ఒడ్డుకే కదా వీచేది? వచ్చేటప్పుడు గాలి వెనక నుంచే ఉంటుంది, ఖర్చు తగ్గాలి. వెళ్లడానికి ఎంతో రావడానికీ అంతే పెట్టుకోవడమే ఎక్కువ, ఆ పైన ఇంకో వంతా?

కృష్ణలంక:
నేను పటమట గారి వైపే. మూడో వంతు అంటూ కూర్చుంటే చేప ఉన్న చోటికి ఎవరూ పోలేరు. ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్లు అలల సమాచారం ముందే ఇస్తున్నారు, చూసుకుని దిగితే చాలు.

బాపట్ల గాలం:
జూన్‌లో అసలు గాలి పడమటిది. అది గట్టిగా ఉన్న రోజు సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది, ఒక్కో రోజు రానే రాదు. మీకు వచ్చేటప్పుడే ఎదురుగాలి. పోనీ వెనక గాలే అనుకో, అల కూడా వెనక నుంచే తోస్తుంది. అల దిగేటప్పుడు ముక్కు ముంచకుండా థ్రాటిల్ తగ్గించి, ఎక్కేటప్పుడు పెంచుకుంటూ రావాలి. అందులో మిగిలేదేం ఉండదు.

ఆటోనగర్:
ఇంజిన్లు విప్పే వాడిగా చెబుతున్నా, ఇద్దరి లెక్కలోనూ తేడా ఉంది. గాలాలు లాగుతూ తిరిగే గంటలు ఏ వంతులో వేశారు? గంటకు రెండున్నర లీటర్లు వేసుకున్నా నాలుగు గంటలకు పది లీటర్లు.

బాపట్ల గారి 18 మైళ్లే తీసుకుందాం. వెళ్లడానికి 15 లీటర్లు, వేటకు 10. ఎదురుగాలిలో బోటు వేగం అందుకుని నీటిపైకి లేవక మైలుకు 1.2 తాగిందనుకోండి, రావడానికి దాదాపు 22. మొత్తం 47, ఉన్నది 45. అంటే మూడో వంతు పాటించినవాడు కూడా మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) బయట ఆగిపోతాడు! అదే 15 మైళ్లకు వెళ్తే 12, 10, 18 కలిపి 40. మిగిలిన ఐదు మొగ దగ్గర పోటు కోసం ఆగడానికి. ముందు తిరుగు ప్రయాణం చెడ్డ రోజున ఎంత అవుతుందో వేసుకోండి, దాన్నిబట్టి ఎంత లోపలికి పోవాలో తేలుతుంది. వంతులు గుర్తుంచుకోవడానికి బాగుంటాయి, అంతే.

ఇంకోటి. ఎదురుగాలిలో ముక్కు పైకెత్తుకుని 8, 9 నాట్లతో ఈడ్చుకురావద్దు. అటు లేవదు, ఇటు కుదురుగా పోదు, మైలుకు ఎక్కువ తాగేది అప్పుడే. లేవకపోతే 5 నాట్లకు దించేయండి. పొద్దుపోతుంది గానీ పెట్రోల్ మిగులుతుంది.

పటమట:
ఇది నాకు నచ్చింది. మరి 20 లీటర్ల క్యాన్ ఒకటి అదనంగా వేసుకుంటే? బరువు 15 కిలోలే కదా.

ఆటోనగర్:
క్యాన్ వద్దు. ఊగే బోటులో గరాటు పెట్టి పోస్తే సగం డెక్ మీద పడుతుంది, పక్కనే వేడి ఇంజిన్. రెండో ట్యాంకు బిగించి, మధ్యలో మార్చుకునే వాల్వ్ పెట్టించండి. ఒడ్డునే ఒకసారి మార్చి, ఇంజిన్ ఆగకుండా లాగుతుందో లేదో చూడండి. అప్పుడు ఇదే లెక్కన 24 మైళ్ల దాకా పోవచ్చు.

బాపట్ల గాలం:
లెక్క బాగానే ఉంది. కానీ 1.2 అన్నది మీరు అనుకున్నదేగా, ఎవరూ కొలవలేదు. కొలిచేదాకా నా మూడో వంతు నాదే, వేటకయ్యే పెట్రోల్ మాత్రం వేరేగా తీసిపెడతా.

కృష్ణలంక:
24 మైళ్లంటే 44 కిలోమీటర్లు. దానికి ఇంత గొడవెందుకు, పటమట గారూ? మొదటిసారి పది మైళ్లకే వెళ్లి, వచ్చేటప్పుడు మైలుకి ఎంతయ్యిందో ఇక్కడ రాయండి.