డామిట్‌లో 'డా' ఏంటి, 'డ్యా' కదా ఉండాలి?

మా ఆరో క్లాసు పిల్ల నిన్న నోట్సులో 'డి ఎ ఎమ్ ఇట్' అని రాసి, నాన్నా స్పెల్లింగ్ కరెక్టేనా అంది. ఎక్కడ విన్నావే అంటే, కరెంటు పోయినప్పుడల్లా నువ్వే కదా డామిట్ కథ అడ్డం తిరిగింది అంటావు అంది 😀 ఎమ్ తర్వాత ఎన్ ఉండాలని చెప్పా గానీ అర్థం దగ్గర ఆగిపోయా. తిట్టా, కాదా? కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఎలా చెప్పాలండీ?

— అడ్డం కాదు సార్, అడ్డంగా. కన్యాశుల్కం నాటకంలో గిరీశం ఆఖరి మాటలో 'గా' మింగేస్తే ఎలా?

— పుస్తకంలో చూశారా, 1955 సినిమాలో విన్నారా? పుస్తకమైతే 1897 కూర్పా, 1909 కూర్పా? రెండోది దాదాపు కొత్త నాటకం.

— గా సంగతి తర్వాత, నన్ను తినేస్తోంది డా. బ్యాంకు అంటాం, సాగర్ డ్యామ్ అంటాం, ఇది మాత్రం డామిట్. నా థియరీ ఏంటంటే 'వచ్చాడు'లో చ్చా ని మనం 'రాముడు'లో రా లా నోరు తెరిచి పలకం, ఆ కీ ఏ కీ మధ్యలో ఎక్కడో పలుకుతాం, రాసేది మాత్రం దీర్ఘమే, కొందరు వచ్చేడు అని రాసేదీ అందుకే. డా కూడా అంతే, రాత వేరు పలుకు వేరు.

— మాస్టారూ, వచ్చినాడులో ఇకారం కరిగితే ఆ శబ్దం వచ్చింది. డామిట్‌లో ఏ ఇకారం కరిగింది?

— 'మిట్'లో ఉందిగా 😂

— నవ్వకండి. ముత్యాల సరం ఛందస్సుని మూడు నాలుగు మాత్రల నడకలో కట్టిన గురజాడ చెవి అది, దీర్ఘం ఊరికే పెట్టదు.

— ముత్యాల సరాలు 1910. నాటకం అంతకు ముందే.

— చెవి ఆయన పుట్టిన 1862 నుంచీ ఉంది లెండి.

— పిల్ల అడిగింది ఎవరికీ పట్టలేదు! అమ్మాయికి ఇలా చెప్పండి, లాటిన్‌లో ఈ మాట మూలానికి నష్టం అని అర్థం, డ్యామేజీ, కండెమ్ దాని చుట్టాలే. ఎన్ రాస్తాం గానీ పలకం, ఆటమ్, కాలమ్ లాగా. డామ్నేషన్ అన్నప్పుడు మళ్లీ బయటికొస్తుంది. ఎన్ తీసేస్తే ఆనకట్ట అయిపోతుంది, పలుకు మాత్రం అదే. ఇక వాడుక అంటారా, డామిట్ అంటే మన 'దీని దుంపతెగ', పని చెడితే విసుగు. చివర ఇట్ తీసి యూ పెడితే 'నీ దుంపతెగ', మనిషి మీదకి పోయినట్టే. క్లాసులో రెండూ వద్దు.

— బాగుంది గానీ, దుంపతెగ కాదండీ, దుంప తెగా. దీర్ఘం ఉంది, మా అమ్మమ్మ అలాగే తిట్టేది.

— ఏ జిల్లా మీది?