చైల్డ్ ప్రొటెక్షన్‌లో సూపర్‌విజన్ అంటే సోమవారం రివ్యూ మీటింగేనా?

కాచిగూడ_ఫీల్డ్ అడిగిన ప్రశ్న

హైదరాబాద్‌లో చిన్న సంస్థ. ఆరుగురు సోషల్ వర్కర్లు, ఒక టీమ్ లీడ్. సీడబ్ల్యూసీ (బాలల సంక్షేమ కమిటీ) అప్పగించే సామాజిక విచారణలు (బిడ్డ ఇంటి పరిస్థితి చూసి నివేదిక ఇవ్వడం), ఇంటికి పంపిన పిల్లల ఫాలోఅప్, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన చట్టం) కేసుల్లో సపోర్ట్ పర్సన్ పని, అంటే కేసు సాగినన్నాళ్లూ బిడ్డకి తోడుండటం. మనిషికి ముప్పై దాకా కేసులు.

సూపర్‌విజన్ అంటే కేసుల గురించీ వర్కర్ గురించీ సీనియర్‌తో నిదానంగా మాట్లాడుకోవడం. ఆ పేరుతో ఇప్పుడు జరిగేది సోమవారం రివ్యూ ఒక్కటే. ఎన్ని హోం విజిట్లు అయ్యాయి, ఎన్ని ఎస్‌ఐఆర్‌లు (సామాజిక విచారణ నివేదికలు) పెండింగ్, గ్రూప్‌లో ఫోటోలు పెట్టారా, అంతే. ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) చదివినన్నాళ్లూ వారం వారం ఐసీ (ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్), జీసీ (గ్రూప్ కాన్ఫరెన్స్) ఉంటాయి. నిజమైన పిల్లల బాధ్యత నెత్తిన పడ్డాక మాత్రం అవేవీ ఉండవు.

ఎన్నాళ్లకోసారి, ఎంతసేపు కూర్చోవాలి? ఆ గంటలో ఏం మాట్లాడాలి, ఏం రాసిపెట్టాలి? టీమ్ లీడే చేయొచ్చా, బయటివాళ్లు కావాలా? విడిగా బడ్జెట్ లేదు.

వేపచెట్టు_నీడ

ముందు ఎన్నాళ్లకోసారి అన్నది తేల్చుకోండి, చాలా సంస్థలు అక్కడే పొరబడతాయి. నెలకోసారి చాలనుకుంటారు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 36వ సెక్షన్ ప్రకారం సామాజిక విచారణ 15 రోజుల్లో పూర్తి కావాలి. నెలకోసారి కూర్చుంటే కేసు రావడం, విచారణ జరగడం, ఫారం 22 (విచారణ నివేదిక) కమిటీ బల్ల మీదికి చేరడం అన్నీ రెండు సిటింగుల మధ్యే అయిపోతాయి. పాపని ఇంటికి పంపాలా, బాలల హోంలో ఉంచాలా అన్న సిఫారసు ఒక్క మనిషి బుర్రలోంచి, అదీ అలసిన బుర్రలోంచి, నేరుగా వెళ్లిపోతుంది.

కాబట్టి మనిషికి రెండు వారాలకో గంట. కొత్తగా చేరినవాళ్లకి మొదటి మూడు నెలలు వారం వారం. ఇది కాక, కొత్త విచారణ చేతికొచ్చిన ఏడో ఎనిమిదో రోజున పావుగంట. అప్పటికి మొదటి విజిట్ అయి ఉంటుంది, రెండోదానికి ఇంకా టైం ఉంటుంది.

ఆరుగురికి కలిపి పక్షానికి ఆరు గంటలు, రాతకి మనిషికి పావుగంట చొప్పున ఇంకో గంటన్నర. అంటే టీమ్ లీడ్‌కి దాదాపు ఒక పూర్తి పనిదినం. అంతమేరకు ఆయన కేసులో రిపోర్టులో తగ్గించకపోతే ఈ ఏర్పాటు రెండో నెలకే మూలపడుతుంది. ఈ లెక్క డైరెక్టర్ ముందు పెట్టి ఒప్పించుకున్నాకే మొదలుపెట్టండి.

గంటలో మొదటి పది నిమిషాలు మనిషి గురించి: నిద్ర ఎలా ఉంది, ఏ కేసు ఇంటిదాకా వెంట వస్తోంది. ఐదు నిమిషాలు పోయినసారి అనుకున్నవి ఏమయ్యాయో చూడటానికి. తర్వాత ముప్పై ఐదు నిమిషాలు రెండే కేసులు. ముప్పై కేసులూ తిరగేస్తే అది రివ్యూ మీటింగే. ఒక కేసు వర్కర్ ఎంచుకోవాలి, రెండోది సూపర్‌వైజర్. సూపర్‌వైజర్ ఎంచుకునేది అన్నిటికంటే ఎక్కువ రోజులుగా ఎవరూ పేరెత్తని కేసై ఉండాలి. అల్లరి చేసే కేసు ఎలాగూ చర్చకొస్తుంది, ప్రమాదం దాగుండేది గోల లేని ఫైల్లోనే. చివరి పది నిమిషాలు ఎవరు ఏం చేయాలి, ఏ తేదీకి అన్నది రాసుకోవడానికి.

ఆ ముప్పై ఐదు నిమిషాల్లో ఏం జరగాలో ఒక ఉదాహరణ. విజిట్ నోట్‌లో ఇలా ఉందనుకోండి: "ఇల్లు శుభ్రంగా ఉంది. తల్లి బాగా సహకరించింది. పాప సంతోషంగా ఉంది." మూడు వాక్యాలూ అభిప్రాయాలే, చూసినది ఒక్కటీ లేదు. అప్పుడు అడగాల్సినవి ఇవి. పాపతో విడిగా మాట్లాడారా? ఎక్కడ, ఎన్ని నిమిషాలు? ఒకే గది అయితే రాత్రి ఎవరి పక్కన ఎవరు పడుకుంటారు? తలుపుకి లోపలివైపు గడియ ఉందా? బాత్రూం ఎన్ని వాటాలకి ఒకటి? బియ్యం డబ్బా మూత తీశారా? స్కూల్ నోట్‌బుక్‌లో చివరి తేదీ ఎప్పటిది? మీరు ప్రశ్న అడిగినప్పుడు జవాబు చెప్పేముందు పాప ఎవరి మొహం చూసింది?

సగానికి "అడగలేదండీ" అనే వస్తుంది. తప్పు పట్టొద్దు, అవే రెండో విజిట్ ప్రశ్నలు. ఆ తర్వాత ఇంకొకటి అడగండి: "ఆ ఇంట్లోంచి బయటికొచ్చినప్పుడు మీకెలా అనిపించింది?" హమ్మయ్య అనిపించిందంటే ఎందుకో తవ్వాలి. గదమాయించే మారుతండ్రి ఉన్న ఇంట్లో వర్కర్ తనకు తెలియకుండానే విజిట్ పది నిమిషాల్లో ముగించి "సహకరించారు" అని రాస్తారు. అది సోమరితనం కాదు, భయం. ఎదురుగా కూర్చుని నిదానంగా అడిగే మనిషి లేకపోతే అది బయటపడదు. ఆ భయమే ఆ ఇంట్లో పాప ఎలా బతుకుతోందో చెప్పే ఆధారం కూడా.

గోల్నాక_జీసీ

పైన చెప్పినదంత కరెక్టే, కని ఒక్క మాట. ఆ టీమ్ లీడే కాంట్రాక్ట్ రెన్యువల్‌కు సంతకం పెడ్తరా? పెడ్తే, "ఆ ఇంటికి పోవాలంటే భయమైతుంది" అని ఆయన ముంగట ఎవ్వరు చెప్పరు. మార్చిల కాంట్రాక్ట్ అయిపోయేటట్లుంటే జనవరి నుంచే అందరు "అంత బాగుంది సార్" అంటరు.

దీనికి రెండు పనులు చెయ్యాలె. ఒకటి, మొదటి రోజే ఒక పేజీ ఒప్పందం రాసుకోవాలె. ఈ గదిల మాట్లాడింది ఏది బయటికి పోతది, ఏది పోదు అని. బయటికి పోయేటివి మూడే: పిల్లలకు ప్రమాదం, చట్టం తప్పడం, వర్కర్ పని చెయ్యలేని స్థితిల ఉండడం. మిగిలింది అప్రైజల్‌ల రావొద్దు.

రెండు, నెలకొకసారి గంటన్నర గ్రూప్ సిటింగ్, బయటి మనిషితోని. రోడా మిస్త్రీ సోషల్ వర్క్ కాలేజీ, టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) హైదరాబాద్ లాంటి జాగల ఫీల్డ్‌వర్క్ సూపర్‌విజన్ చేసే ఫ్యాకల్టీ ఉంటరు. వాళ్ల స్టూడెంట్లను ప్లేస్‌మెంట్‌కు తీసుకుంటే నెలకొక పూట అడగడానికి మొగమాటం ఉండదు. బెంగళూరు నిమ్హాన్స్‌ల పిల్లల మానసిక ఆరోగ్యం మీద పనిచేసే సంవాద్ వాళ్ల శిక్షణలు కూడ మంచిగుంటయి. కని శిక్షణ వేరు, సూపర్‌విజన్ వేరు. రెండు రోజుల ట్రైనింగ్ పెట్టించి "సూపర్‌విజన్ అయిపోయింది" అని రిపోర్ట్‌ల రాసుడు మానాలె.

ఇంకొకటి. జనవరిల ఆపరేషన్ స్మైల్, జులైల ఆపరేషన్ ముస్కాన్, అంటే తప్పిపోయిన, పనిల పెట్టిన పిల్లలను పోలీసులు ఎతికి విడిపించే డ్రైవ్‌లు. ఆ రెండు నెలలు పాతబస్తీ గాజుల కార్ఖానాలు, ఇటుక బట్టీలు తిరుగుడే ఉంటది. ఒక్క రోజుల ఇరవై మంది పిల్లలు, భాష రాదు, వాళ్ల అమ్మనాయిన వేరే రాష్ట్రంల. అందరు అప్పుడే సూపర్‌విజన్ క్యాన్సిల్ చేస్తరు. గంట కుదరకుంటే అర్ధగంట చెయ్యిండ్రి, కని క్యాన్సిల్ చెయ్యొద్దు. ఆ రెండు నెలల తారీఖులు డిసెంబర్‌ల, జూన్‌లనే ఖాయం చేసి గోడకు పెట్టుకోండ్రి.

నాంపల్లి_లీగల్

చట్టం వైపు నుంచి నాలుగు మాటలు.

పోక్సో సమాచారం తెలిస్తే "సూపర్‌విజన్‌లో మాట్లాడి చూద్దాం" అని ఆగకూడదు. 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన మనిషే స్పెషల్ జువెనైల్ పోలీస్ యూనిట్‌కో స్థానిక పోలీసులకో చెప్పాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ, తన కింద పనిచేసేవాళ్ల నేరాన్ని చెప్పని సంస్థ బాధ్యుడికైతే ఏడాది దాకా జైలు, జరిమానా. చెప్పాలా వద్దా అన్నది సూపర్‌వైజర్ నిర్ణయించే విషయం కాదు. చెప్పేటప్పుడు వర్కర్‌తో పాటు స్టేషన్‌కి వెళ్లడం, ఆ తర్వాత పాపకి ఏం జరగబోతోందో కలిసి ఆలోచించడం, అది సూపర్‌వైజర్ పని.

పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదన్నది జేజే (జువెనైల్ జస్టిస్) చట్టం 74వ సెక్షన్. ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సోమవారం రివ్యూ కోసం వాట్సాప్ గ్రూప్‌లో పిల్లల ఫోటోలు పెట్టించడం ఈరోజే ఆపండి. సూపర్‌విజన్ నోట్‌లో పేరు వద్దు, కేసు నంబరు చాలు. సీడబ్ల్యూసీ వరండాలో, ఇరానీ హోటల్లో కూర్చుని కేసులు మాట్లాడొద్దు, పక్క బల్ల మీద ఆ బస్తీ మనిషే ఉండొచ్చు.

నోట్ రెండుగా రాయండి. కేసు మీద తీసుకున్న నిర్ణయం, దాని కారణం, తేదీ, ఇద్దరి సంతకాలు పిల్లల ఫైల్లోకి వెళ్లాలి. వర్కర్ సొంత విషయాలు విడిగా రెండో నోట్‌లో ఉండాలి, పిల్లల ఫైల్లోకి రాకూడదు. ఫైల్‌ని కమిటీ అడగొచ్చు, కోర్టు అడగొచ్చు. కారణం రాయకుండా "విజిట్ కొనసాగించాలి" అని మాత్రమే ఉంటే ఆరు నెలల తర్వాత ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో ఎవరూ చెప్పలేరు.

కాచిగూడ_ఫీల్డ్

చాలా థాంక్స్ అండీ. బయటివాళ్లు దొరికేదాకా ఆరుగురూ తమలో తాము గ్రూప్‌గా కూర్చుంటే సరిపోతుందా? ఇంకొకటి, బాగా దెబ్బతీసే ఘటన జరిగితే, అంటే ఫాలోఅప్‌లో ఉన్న బిడ్డ చనిపోవడం లాంటిది, ఆ వారం ఏం చేయాలి?

వేపచెట్టు_నీడ

తమలో తాము కూర్చోవడం మంచిదే, కానీ అదొక్కటే అయితే ప్రమాదం. రోజూ కలిసి తిరిగేవాళ్లు ఒకరి మాట ఒకరు కాదనరు. అందుకని ప్రతిసారీ ఒకరికి "కాదు అనే పని" అప్పగించండి. కేసు చెప్పిన మనిషి అనుకున్నది తప్పయితే ఇంకేం జరుగుతూ ఉండొచ్చో చెప్పడమే ఆ ఒక్కరి పని. వంతులవారీగా మారాలి.

ఘటన జరిగిన రోజు ఏమీ విశ్లేషించకండి. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పించడం మేలు చేయదు, అలాంటి ఒక్క సిటింగ్ డీబ్రీఫింగ్ వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. ఆ రోజు కావాల్సినవి మామూలు పనులే: ఏదైనా తినిపించడం, బండి నడపనివ్వకుండా ఇంటిదాకా దింపడం, రేపటి విజిట్లు, కోర్టు పని ఇంకొకరికి మార్చడం, ఆ ఫైల్ మీద వచ్చే ఫోన్లు టీమ్ లీడ్ తీసుకోవడం. "నీ తప్పేం లేదు" అని కూడా అప్పుడే అనకండి. ఫైల్ చూడకముందు అన్న ఆ మాటను వాళ్లు నమ్మరు.

రెండు మూడు రోజుల్లో ఒక్కరితోనే కూర్చోండి, చెప్పాలనిపించినంతే వినండి. ఫైల్‌లో ఎక్కడ ఏం తప్పిందో చూసే సమీక్ష వేరే రోజు, వీలైతే వేరే మనిషితో. ఓదార్పూ విచారణా ఒకే గదిలో కలిస్తే రెండూ చెడతాయి.

నాలుగు వారాలప్పుడు మళ్లీ ప్రత్యేకంగా చూడండి. ఆ బస్తీ వైపు వెళ్లకుండా తప్పించుకోవడం, ప్రతి కేసులోనూ బిడ్డని హోంకే పంపమని రాయడం, లేదా దేనికీ చలించకపోవడం కనిపిస్తే అది సూపర్‌విజన్‌తో తీరేది కాదు. కౌన్సెలర్ దగ్గరికి పంపాలి. టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ నంబరు ఒప్పందం పేజీ కిందే మొదటి రోజే రాసి ఇవ్వండి.

కాచిగూడ_ఫీల్డ్

ఒప్పందం పేజీ ఈ వారం రాస్తున్నాం. సోమవారం రివ్యూ ఉంటుంది, కానీ దాని పేరు ఇక రివ్యూనే. రెండు వారాల సిటింగులకి గురువారం మధ్యాహ్నాలు, తలుపు మూసుకునే గది, ఫోన్లు బయట. ఫోటోల గ్రూప్ ఈ సాయంత్రమే తీసేస్తున్నాం.